రిసెప్టర్ ల్యాబ్‌లో చేరబోతున్న చిన్నికి

చిన్నీ,

పీహెచ్‌డీకి ఇచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నీ మెసేజ్ కూడా చూశాను. "పెద్దమ్మా, ఏ రిసెప్టర్ మీద పీహెచ్‌డీ చేస్తే ముందు ముందు బావుంటుంది?" అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం వింటావు, మిగతా సగం రీల్స్ చూస్తుంటావు. అందుకే రాస్తున్నాను.

ఏ రిసెప్టర్ అయినా పరవాలేదు. హార్మోన్ లాంటి పదార్థాన్ని పట్టుకుని ఆ కబురు కణం లోపలికి చేరవేసే ప్రోటీనే కదా రిసెప్టర్. ఆ కబురుని లోపల అందుకునే జీ ప్రోటీన్లతో పనిచేసే రిసెప్టర్లే మనిషిలో సుమారు 800 ఉన్నాయి. వాడుకలో ఉన్న మందుల్లో దాదాపు మూడో వంతు వాటి మీదే పనిచేస్తాయి. ఏది పట్టుకున్నా జీవితానికి సరిపడా పని ఉంటుంది. నువ్వు చేరబోయే ల్యాబ్‌లో వాళ్ళు దేన్ని నమ్మకంగా కొలవగలరో ముందు అది కనుక్కో. ఎందుకో పాత కథలతో చెబుతాను.

1948లో రేమండ్ ఆల్‌క్విస్ట్ అనే శాస్త్రవేత్త, అడ్రినలిన్ లాంటి పదార్థాలకు అవయవాలు ఎంతెంత స్పందిస్తున్నాయో పోల్చి చూసి, రిసెప్టర్లు ఆల్ఫా, బీటా అని రెండు రకాలు ఉండాలన్నాడు. ఉండాలన్నాడు అంతే, వాటిని ఎవరూ పట్టుకోలేదు. ఇరవై ఏళ్ళు గడిచాక కూడా అవి నిజంగా ఉన్న అణువులా, లెక్క కుదరడం కోసం పెట్టుకున్న పేర్లా అని పెద్దపెద్దవాళ్ళే సందేహపడేవారు. రాబర్ట్ లెఫ్కోవిట్జ్ అనే కుర్ర డాక్టర్ 1968లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో చేరి, ఏసీటీహెచ్ హార్మోన్‌కి రేడియోధార్మిక అయొడిన్ తగిలించి అది కణపొర మీద ఎక్కడ అతుక్కుంటుందో లెక్కపెట్టాలని కూర్చున్నాడు. చాలాకాలం ఫలితం ఏమీ రాలేదు. 1970లో వచ్చింది.

బీటా రిసెప్టర్ దగ్గర ఇంకా పెద్ద చిక్కు ఎదురైంది. అడ్రినలిన్‌కి దగ్గరి బంధువైన నార్‌ఎపినెఫ్రిన్‌కి రేడియోధార్మిక గుర్తు పెడితే కణపొరకు బాగానే అతుక్కునేది. కానీ అద్దంలో ప్రతిబింబాల్లా ఉండే దాని ఎడమ రూపానికీ కుడి రూపానికీ తేడా చూపించేది కాదు. అసలు రిసెప్టర్ అయితే ఎడమ రూపాన్ని చాలా గట్టిగా పట్టుకోవాలి, కుడిదాన్ని పెద్దగా పట్టించుకోకూడదు. అంటే అప్పటిదాకా లెక్కపెట్టింది వేరేదాన్ని. 1974లో మూడు బృందాలు విడివిడిగా, బీటాని అడ్డుకునే మందులకే రేడియోధార్మిక గుర్తు పెట్టి సరైన కొలత సాధించాయి. ఆ తర్వాతే తలుపులు తెరుచుకున్నాయి. 1986లో బీటా-2 రిసెప్టర్ జన్యువు దొరికింది. చూస్తే ఆ రిసెప్టర్ కంటిలో వెలుగుని పట్టే రొడాప్సిన్ ప్రోటీన్‌ని పోలి ఉంది, కణపొరను ఏడుసార్లు దాటుతోంది. ఆ పనిలో ఉన్న బ్రయాన్ కోబిల్కా తర్వాత స్టాన్‌ఫర్డ్‌కి వెళ్ళి, ఆ రిసెప్టర్ జీ ప్రోటీన్‌ని పట్టుకుని ఉన్నప్పటి నిర్మాణాన్ని 2011లో చూపించాడు. ఒకే అణువు మీద పాతికేళ్ళు! మరుసటి ఏడాది లెఫ్కోవిట్జ్‌కీ, కోబిల్కాకీ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మీ నాన్న అడిగే "నాలుగేళ్ళలో తేలిపోతుందా" అన్న ప్రశ్నకి నా దగ్గర ఇంతకంటే మంచి జవాబు లేదు.

మార్టిన్ రాడ్‌బెల్ అనే శాస్త్రవేత్త సంగతి కూడా తెలుసుకో. గ్లూకగాన్ హార్మోన్ ఎలుక లివర్ కణపొరల నుంచి ఎంత త్వరగా ఊడిపోతుందో కొలుస్తుంటే, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం వేసినప్పుడు త్వరగా ఊడింది. కానీ బయట కొన్న ఆ ఏటీపీలో దాన్ని పోలిన జీటీపీ కొంచెం కలిసి ఉంది. శుద్ధమైన జీటీపీ వేస్తే చాలా తక్కువ మోతాదుకే అదే పని జరిగింది. జీ ప్రోటీన్ల కథకి అది మొదలు. అందుకే ప్రతి సీసా మీద లాట్ నంబర్ నోట్‌బుక్‌లో రాయి. విసుగ్గా ఉంటుంది. అయినా రాయి.

మనవాడు యల్లాప్రగడ సుబ్బారావుని మందుల మనిషిగానే అందరూ తలుచుకుంటారు. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన ఇచ్చిన ఫాస్ఫరస్ పరీక్ష. నీలం రంగు ఎంత చిక్కగా వస్తే అంత ఫాస్ఫేట్ అన్నమాట. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్ వాళ్ళ కంటపడింది. రిసెప్టర్ కబురు కణంలోకి వెళ్ళేది కూడా చాలాసార్లు ఫాస్ఫేట్ రూపంలోనే కదా.

ఇక ల్యాబ్‌లో రోజువారీ పని. నువ్వు ఎక్కువగా చేసేది వెస్టర్న్ బ్లాటే, అంటే ఒక ప్రోటీన్ ఎంత ఉందో యాంటీబాడీతో పట్టి, నల్లని బ్యాండ్‌గా చూసే పరీక్ష. కణాలను పెరగమని చెప్పే ఈజీఎఫ్ ప్రోటీన్‌ని పోస్తే, చాలా రకాల కణాల్లో ఐదు నిమిషాలకే ఫాస్ఫో-ఈఆర్‌కే (ఫాస్ఫేట్ తగిలి పనిలోకి దిగిన ఈఆర్‌కే అనే ప్రోటీన్) బ్యాండ్ నల్లగా వస్తుంది, తర్వాత మెల్లగా తగ్గుతుంది. ఎవరో గంటకి చూసి సిగ్నల్ లేదు పొమ్మంటారు. నువ్వు సున్నా, రెండు, ఐదు, పది, ముప్పై, అరవై నిమిషాలకు చూడు. కణాలను ముందురోజు రాత్రి సీరమ్ లేకుండా ఉంచు. ఇంకో మాట, ప్లేట్‌ని ఇంక్యుబేటర్ నుంచి తీసి మీడియం మార్చినా చాలు, ఈఆర్‌కే కొంత లేచి కూర్చుంటుంది. అందుకని ఈజీఎఫ్ లేకుండా, దాన్ని కరిగించే ద్రవాన్ని మాత్రమే పోసిన ప్లేట్ ప్రతి సమయానికీ ఒకటి ఉండాలి. సున్నా నిమిషాల ప్లేట్ ఒక్కటి పెట్టి సరిపెట్టేవాళ్ళని చాలామందిని చూశాను. వైవాలో వాళ్ళని అడిగే మొదటి ప్రశ్న అదే.

రిసెప్టర్‌ని గుర్తుపడతాయని అమ్మే యాంటీబాడీలను అస్సలు నమ్మకు. జీ ప్రోటీన్ రిసెప్టర్లకు అమ్మే వాటిలో చాలా వరకు వేరే ప్రోటీన్లకు కూడా అతుక్కుంటాయి. ఆ జన్యువు తీసేసిన కణాల్లో బ్యాండ్ మాయమైతేనే ఆ యాంటీబాడీని వాడు. ల్యాబ్‌లో సులువుగా పెరిగే హెచ్‌ఈకే కణాల్లో రిసెప్టర్‌ని విపరీతంగా తయారు చేయించి ఫలితాలు చూపించడం ఇంకో తేలిక దారి. అంత రద్దీలో అరకొరగా పనిచేసే మందు కూడా పూర్తి బలం చూపిస్తుంది. కాబట్టి ఆ రిసెప్టర్ సహజంగా ఉండే కణంలో ఒక్కసారైనా చూడు. కణాలకు కనబడకుండా పట్టే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా కోసం పరీక్ష నెలకోసారి చేయించు. అది పట్టిన కణాలతో చేసిన పని ఎంత అందంగా ఉన్నా పారేయాల్సిందే.

ఇవన్నీ విదేశాల్లోనే కుదురుతాయని అనుకోకు. మన హైదరాబాద్ హబ్సిగూడలోనే, కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో అమితాభ ఛటోపాధ్యాయ బృందం పశువుల మెదడులోని హిప్పోక్యాంపస్ నుంచి తీసిన కణపొరలతో సెరటోనిన్-1ఏ రిసెప్టర్ని ఏళ్ళ తరబడి చూసింది. కణపొరలో కొలెస్ట్రాల్ తగ్గిస్తే ఆ రిసెప్టర్ పట్టు తగ్గుతుందని తేల్చింది. పద్ధతి మీద పట్టుంటే ఆవు మెదడు చాలు, కోట్ల మెషీన్లు అక్కర్లేదు.

డబ్బు విషయం. మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ. కానీ నెలనెలా టైముకి పడుతుందని లెక్క వేసుకోకు. నాలుగైదు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని చేరు. విదేశాల నుంచి రావాల్సిన యాంటీబాడీ కస్టమ్స్‌లో ఆగి, డ్రై ఐస్ ఆవిరై చేరడం కూడా మామూలే. రెండు నెలల ముందే ఆర్డర్ పెట్టు. ప్రొఫెసర్ ఉద్యోగం అందరికీ రాదు, అది ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. అయితే రిసెప్టర్‌కి మందు ఎంత అతుక్కుంటుందో చూసే బైండింగ్ పరీక్ష, కణంలో కబురు మోసే సీఏఎంపీని కొలిచే పరీక్ష తప్పు లేకుండా చేయగలిగినవాళ్ళకి హైదరాబాద్ దగ్గరి మందుల, బయోటెక్ కంపెనీల జీనోమ్ వ్యాలీలో గిరాకీ ఉంది. టెన్షన్ పడాల్సిన పని లేదు.

గైడ్‌ని ఎంచుకునేటప్పుడు ఆయన లేని సమయంలో స్కాలర్లతో టీ తాగు. "మీ సార్ ఊహకి ఎదురుగా రిజల్ట్ వస్తే ఏం చేస్తారు?" అని అడుగు. నవ్వేసి మాట మార్చారంటే ఇక ఆ ల్యాబ్ సంగతి మర్చిపో. మెషీన్ల లిస్టు వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఈ జవాబు అందులో దొరకదు.

పెళ్ళి సంగతి మీ అమ్మతో నేను మాట్లాడతాను, నువ్వు నోరెత్తకు. నువ్వు చెప్పిన రెండు ల్యాబ్‌ల చివరి పేపర్లు నాలుగేసి తీసి, సప్లిమెంటరీలో కత్తిరించని పూర్తి బ్లాట్లు పెట్టారో లేదో చూడు. ఆదివారంలోగా పంపితే కూర్చుని చూస్తాను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ