ముందు మెరకా పల్లమా అడగండి, స్విమ్మింగ్ పూల్ తరవాత

ప్రశ్న: అక్కా, మా ఆయనకి వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చింది, హైదరాబాద్‌లో అద్దెలు కట్టలేక సొంతూరి వైపు వచ్చేద్దాం అనుకుంటున్నాం. తణుకు దగ్గర హైవేకి కాస్త లోపలగా ఒక లేఅవుట్‌లో 200 గజాల ప్లాటు చూశాం. గేటు, సీసీ రోడ్లు, పార్కు, ఉయ్యాలలు, క్లబ్ హౌస్, అన్నీ ఉంటాయంట. బాబుకి ఎనిమిదేళ్ళు, పాపకి నాలుగు. మా అత్తగారేమో పెరడు లేని ఇంట్లో నేనుండనని కూర్చున్నారు. తీసుకోమంటారా?
– ఒక పాఠకురాలు, నిడదవోలు

జవాబు: అమ్మాయ్, తీసుకో అననూ, వద్దు అననూ. ఒక్కటి అడుగుతా, ఆ స్థలం ఇదివరకు ఏంటి? వరి చేనా, కొబ్బరి తోటా, చేపల చెరువా? బ్రోచర్‌లో ఉండదు ఇది. పక్క చేలో నీళ్ళు పెట్టుకునే రైతుని అడిగితే చెప్తాడు, వాళ్ళ తాతల కాలం నుంచీ చెప్తాడు.

మన డెల్టా అంతా ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ కాలవల లెక్క మీద బతికిన నేల. చేనుకి నీళ్ళు తెచ్చే పంట బోదె వేరు, తీసుకెళ్ళే మురుగు బోదె వేరు. లేఅవుట్ వేసేవాళ్ళు పంట బోదె పూడ్చేస్తే కింది రైతు నోరు కొట్టినట్టు, అదో పాపం, మురుగు బోదె పూడ్చారంటే మాత్రం మునిగేది నువ్వే. అది ఎటు పోతోంది, ఏ డ్రెయిన్‌లో కలుస్తోంది, నడిచెళ్ళి చూడు, చెప్పులు బురదైనా పర్లేదు.

నా సంగతే చెప్తా. తొమ్మిదేళ్ళ కిందట మేమూ ఇలాంటి కాలనీలోనే కొన్నాం, ఏదో ఒక ఆదివారం షామియానా వేసి భోజనాలు పెట్టి చూపించారు, జనవరి కదా నేల అద్దంలా ఉంది. రోడ్లు మెరక చేశారు గానీ ప్లాట్లు పల్లంలోనే వదిలేశారని మాకు తట్టలేదు. రెండో ఏడు మూడు రోజుల ముసురు పట్టింది, హాల్లో చీలమండ లోతు నీళ్ళు, పూజ గదిలో పీట తేలుతోంది, మా ఆయన సోఫా ఎక్కి కూర్చుని వెంచర్ వాళ్ళకి ఫోన్ మీద ఫోన్, ఎత్తితే కదా. ఆఖరికి ఇంటికింత వేసుకుని మేమే జేసీబీ తెప్పించి బోదె తవ్వించుకున్నాం, తీరా చూస్తే అది కలిసే డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క! నీళ్ళు కదిలితేనా.

నీది నిడదవోలే కాబట్టి ఎర్రకాలువ గురించి నీకు నేను చెప్పేదేముంది, ఎక్కడో పైన ఏజెన్సీ కొండల్లో వాన పడితే ఇక్కడ మన చేలు మునుగుతాయి. ఆ నీళ్ళే యనమదుర్రు డ్రెయిన్‌లో పడి భీమవరం మీదుగా సముద్రం దారి పడతాయి, దారిలో ఎక్కడ అడ్డం తగిలినా వెనక్కి తంతాయి. అందుకని ప్లాటు చూడ్డానికి ముసుర్లో ఒకసారి వెళ్ళు, ఏప్రిల్‌లో కాలవలు కట్టేశాక ఇంకోసారి వెళ్ళు. కాలవలు కట్టేస్తే మళ్ళీ జూన్ దాకా ఊళ్ళ వాళ్ళకి మంచినీళ్ళ చెరువు ఉంటుంది, మరి కాలనీ వాళ్ళకి ఏముంది? బోరైతే ఆ నీళ్ళు నోట్లో పోసుకుని చూడు. రోజూ 20 లీటర్ల టిన్నులు కొనాల్సొస్తే అదీ ఖర్చులో రాసుకో.

చెరువు పూడ్చిన స్థలమైతే సాయిల్ టెస్ట్ చేయించకుండా సంతకం పెట్టకు. పైన గ్రావెల్ ఎంత పోసినా అడుగున బంక మట్టే కదా, వానకి ఉబ్బి ఎండకి కుంగుతుంది, గోడలు బీటలిస్తాయి. ఇంజినీరు పైల్స్ (లోతుగా దింపే పునాది స్తంభాలు) వెయ్యాలంటే పునాది ఖర్చు పెరుగుతుంది, ఆ మేరకి ప్లాటు రేటు తగ్గించమని గట్టిగా అడుగు, మొహమాటపడకు.

పక్కనే రొయ్యల చెరువులుంటే రాత్రి పూట కూడా ఒకసారి వెళ్ళి నిలబడు. రాత్రయితే నీళ్ళల్లో ఆక్సిజన్ తగ్గుతుందని ఏరేటర్లు తిప్పుతారు, తెల్లార్లూ ఆ మోతే. పైగా చెరువు గట్లకి కంచె ఉండదు, నాలుగేళ్ళ పాప ఉన్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు, అటువైపు కాంపౌండ్ వాల్ నిజంగా కట్టారా, కడతాం అంటున్నారా చూడు. ఇంకో మాట, లోపలి రోడ్డు అవతల ఊరికి అడ్డదారి అవుతుందేమో కనుక్కో. అయిందంటే ఇసుక లారీలు, ఐస్ వ్యాన్లు అన్నీ నీ గుమ్మం ముందునుంచే, ఇక బాబు సైకిల్ తొక్కినట్టే. అవతల దారి లేని వీధి చివర ప్లాటు దొరికితే వాస్తు మరీ అంత పట్టించుకోకు (మా ఆడపడుచు చదివితే నన్ను తిడుతుంది).

కాగితాల సంగతి టూకీగా. లేఅవుట్‌కి ఎల్పీ నంబర్, అంటే లేఅవుట్ అనుమతి నంబర్, ఉండాలి. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటితే రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబర్ కొట్టి ఏపీ రెరా సైట్‌లో ప్లాను నువ్వే చూసుకో. అగ్రిమెంట్ రిజిస్టర్ చెయ్యకుండా పది శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు, అడిగితే అక్కడే లేచి వచ్చెయ్. పనులు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు అనుమతిచ్చిన వాళ్ళ దగ్గర తనఖాలో ఉంటాయి, నీకు చూపించింది అందులోది కాదుగా!

అత్తగారి మాటకొస్తే ఆవిడ తప్పేం లేదు. 200 గజాలంటే నాలుగు సెంట్లు దాటి కాస్త, ఇల్లు కట్టి చుట్టూ వదిలాక కొబ్బరి చెట్టు ఎక్కడ పెడతావ్, తోటలో చెట్టుకీ చెట్టుకీ పాతికడుగులు వదుల్తారు. ఒక ములగ, ఒక కరివేపాకు, అంతే పడతాయి. కానీ పెరడు అంటున్నారు గానీ ఆవిడకి కావాల్సింది పొద్దున్నే ముగ్గేసి పక్కావిడతో పది నిమిషాలు మాట్లాడే చోటు అని నాకనిపిస్తోంది. అక్కడ ఇప్పటికే కాపరం ఉంటున్న ఇళ్ళెన్ని? వంద ప్లాట్లలో ఆరిళ్ళే ఉంటే, మిగతావన్నీ హైదరాబాద్ వాళ్ళూ అమెరికా వాళ్ళూ కొని పడేసిన ఖాళీ స్థలాలైతే, ఆవిడ అక్కడ ఎవరితో మాట్లాడుతుంది, పిచ్చి మొక్కలతోనా? సాయంత్రం ఏడింటికి వెళ్ళి ఎన్ని ఇళ్ళల్లో లైట్లు వెలుగుతున్నాయో లెక్కపెట్టి, ఆ లెక్క ఆవిడకి చెప్పు, ఆవిణ్ణే తేల్చమను.

ప్రశ్న: మేడమ్, మా కాలనీ పార్కు సగం తీసేసి ఫంక్షన్ హాల్ కడదాం అంటున్నారు అసోసియేషన్ వాళ్ళు. మన స్థలమే కదా అంటారు. ఆపొచ్చా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మీ స్థలం కాదండీ. లేఅవుట్ అప్రూవల్ అప్పుడే పార్కూ రోడ్లూ గిఫ్ట్ డీడ్ కింద పంచాయతీకో మున్సిపాలిటీకో రాసిచ్చేస్తారు, ఆ డీడ్ కాపీ తీయించండి ముందు. బెంగళూరు లేఅవుట్ ఒకదాన్లో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే కాలనీ వాళ్ళే కోర్టుకెళ్ళారు, 1991లో సుప్రీంకోర్టు కుదరదంది. ఆసుపత్రికే కుదరనిది పెళ్ళి భోజనాలకి కుదురుతుందా? ఇంకోటి, డెల్టాలో పార్కంటే పచ్చగడ్డి ఒకటే కాదు, వాన నీళ్ళు కాసేపు ఆగే చోటు కూడా. దాని మీద స్లాబు వేస్తే ఆ నీళ్ళు ఎవరింటికి వస్తాయో మీటింగ్‌లో ప్లాను పరిచి చూపించండి, పల్లంలో ఇల్లున్న వాళ్ళు వెంటనే మీ వైపు వస్తారు.

ప్రశ్న: రిటైరై ప్రశాంతంగా ఉందామని కాలనీలో ఇల్లు కట్టుకున్నాను. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పిల్లల క్రికెట్, బంతులు మా కుండీల మీదే. ఎవరికి కంప్లయింట్ చెయ్యాలి?
– ఒక మాస్టారు, అమలాపురం

జవాబు: ఎవరికీ వద్దు మాస్టారూ. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆట బంద్ అని పిల్లల్నే పిలిచి చెప్పండి, వింటారు, పెద్దవాళ్ళకి చెప్తేనే గొడవ. కుండీలు మేడ మీదకి ఎక్కించెయ్యండి, గులాబీకి ఎండ కూడా తగులుతుంది.