బెర్లిన్ మ్యూజియం ద్వీపానికి పడవలో వెళ్లాలా?

అక్కర్లేదు, వంతెన దాటి నడిచి వెళ్లిపోవచ్చు. అది సముద్రంలో దీవి కాదు; ఊరి నడుమ స్ప్రే నది రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసేలోపు మధ్యలో మిగిలిన లంక.  దాని చుట్టూ నీళ్లే. ఆ లంక ఉత్తర కొసన 1830 నుంచి 1930 లోపు తెరిచిన ఐదు మ్యూజియాలు పక్కపక్కనే ఉంటాయి. ఉదాహరణకు, నోయస్ మ్యూజియంలో ప్రాచీన ఈజిప్టు రాణి నెఫర్టిటి శిల్పం చూసి బయటికొస్తే ఆల్టెస్ మ్యూజియం కొద్ది నిమిషాల నడకే. దూరం తక్కువ కదా, ఐదూ ఒక్కరోజులో అయిపోతాయని చాలామంది అనుకుంటారు. కాళ్లు లాగేది బయట కాదు, లోపలే! రోజుకు రెండు చాలు. ఆ ఐదింటిలో ఒకటైన పెర్గమాన్‌ను మరమ్మతుల కోసం 2023 అక్టోబరులో మూసేశారు, వెళ్లేముందు తెరిచారో లేదో చూసుకోండి.