వాతావరణ పీడనం ఎక్కువైతే బీపీ పెరుగుతుందా?

ప్రశ్న: నా వయసు 58. కొన్నేళ్లుగా బీపీకి మాత్రలు వాడుతున్నాను. జనవరిలో మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లాలి. అక్కడ వాతావరణ పీడనం 1045 అని ఫోనులో చూశాను. మామూలుగా 1013 ఉంటుందట కదా! అంత పీడనంలో నా బీపీ ఇంకా పెరుగుతుందా? ప్రయాణం మానుకోమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ అంకె చూసి మానుకోనవసరం లేదమ్మా. బీపీ 130 వచ్చిందంటే, ధమనుల్లో రక్తం ఒత్తిడి బయటి గాలి పీడనం కంటే పాదరసం లెక్కలో 130 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉందని అర్థం. గాలి పీడనం పెరిగితే శరీరం లోపలా బయటా సమానంగా పెరుగుతుంది. మధ్య తేడా మారదు, మన పరికరం కొలిచేది ఆ తేడానే. 1013 నుంచి 1045 మిల్లీబార్లకు (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం ఇది) పెరగడమంటే 260 మీటర్ల కొండ దిగినంత మార్పు. కొండ దిగినందుకు ఎవరూ బీపీ మాత్ర అదనంగా వేసుకోరు.

పైగా ఆ 1045 అక్కడ నిజంగా ఉండే పీడనం కాదు. ఊళ్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి వాతావరణ శాఖలు ప్రతి చోటి పీడనాన్నీ సముద్ర మట్టానికి సరిచేసి చెబుతాయి. ఉలాన్‌బాతర్ సుమారు 1,300 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ మీ చుట్టూ ఉండే అసలు పీడనం 880 మిల్లీబార్లకు అటూ ఇటూగా, అంటే సముద్రతీరంలో కంటే తక్కువే!

శీతాకాలంలో సైబీరియా, మంగోలియాల మీద గడ్డకట్టే చలికి గాలి బరువెక్కి పేరుకుపోతుంది. 1968 డిసెంబర్ 31న సైబీరియాలోని అగాతాలో రికార్డు స్థాయిలో 1083.8 మిల్లీబార్లు నమోదైంది. రెండో అంచున, 1979లో పసిఫిక్‌లో వచ్చిన టిప్ తుపాను కేంద్రంలో 870కి పడిపోయింది. ఈ రెండు రికార్డుల మధ్య ఉన్నంత తేడాను మీరు విమానం ఎక్కిన అరగంటలోనే చూస్తారు. క్యాబిన్‌లో పీడనం రెండు వేల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. దానికి ఇబ్బంది పడేది చెవులు. జలుబు, సైనస్ ఉంటే ముందే చూపించుకోండి. ముక్కుదిబ్బడ తగ్గించే మాత్రల్లో కొన్ని బీపీని పెంచుతాయి కాబట్టి అడగకుండా వేసుకోవద్దు.

నా ఆందోళనంతా అధిక పీడనం వెంట తెచ్చే వాతావరణం గురించే. శీతాకాలంలో అది నిర్మలమైన ఆకాశాన్ని, ఎముకలు కొరికే చలిని తెస్తుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ నిజంగానే పెరుగుతుంది. గాలి కదలదు, పైన వెచ్చని పొర మూతలా కూర్చుంటుంది, పొగ కిందే నిలిచిపోతుంది. 1952 డిసెంబర్‌లో లండన్‌లో వేలమందిని బలిగొన్న పొగమంచు ఇలాంటి అధిక పీడనం కిందే కమ్ముకుంది. చలికాలంలో బొగ్గు పొయ్యిలు మండే ఉలాన్‌బాతర్‌లోనూ పొగ సమస్య తీవ్రమే. ఎండాకాలంలో ఇదే అధిక పీడనం వడగాలులకు కారణమవుతుంది. 2021 జూన్‌లో కెనడాలోని లిటన్‌లో 49.6 డిగ్రీలు నమోదైంది అలాగే. అప్పుడు చెమట ఎక్కువగా పట్టి, బీపీ మాత్రలు వాడేవారికి బీపీ పడిపోయే ప్రమాదం ఉంటుంది.

కాబట్టి బయలుదేరే ముందు వారం రోజులు ఉదయం, సాయంత్రం బీపీ రాసుకుని మీ డాక్టర్‌కు చూపించండి. గుండెజబ్బు, ఆస్తమా ఉంటే తప్పకుండా చెప్పండి. మాత్రలు చేతిసంచిలోనే ఉంచుకోండి. అక్కడ తెల్లవారుజామున నడక వద్దు. బయటికి వెళ్తే తల, చెవులు కప్పుకుని ఎన్-95 మాస్కు పెట్టుకోండి. బీపీ 180/120 దాటి ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఫోనులో పీడనం అంకె బదులు గాలి నాణ్యత సూచీ చూసుకుని బయటికి అడుగుపెట్టండి.