లెక్కల ముచ్చట: జల్లెడ ఆపాలా, కొనసాగించాలా?

ప్రశ్న: పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే పని గురించి మీరు తరచూ రాస్తుంటారు. దానివల్ల మామూలు మనుషులకు ఏం ఉపయోగం మేడమ్?
- స్కూల్ టీచర్, హుజూరాబాద్

జవాబు: మీ బ్యాంకు లావాదేవీలకు కాపలా కాసే తాళాల్లో ఆర్‌ఎస్‌ఏ ఒకటి. పెద్ద సంఖ్యను విడగొట్టడం కష్టమన్న నమ్మకం మీదే అది నిలబడింది. ఆ కష్టం ఎంతో ఎవరో ఒకరు కొలుస్తూ ఉండాలి కదా. 1977లో ఒక అమెరికన్ పత్రిక శీర్షికలో 129 అంకెల సంఖ్య ఇచ్చి, విడగొట్టమని పాఠకులకు సవాలు విసిరారు. 1994లో దాదాపు 600 మంది తమ కంప్యూటర్లతో ఎనిమిది నెలలు పనిచేసి దాన్ని విడగొట్టారు. 2020 ఫిబ్రవరిలో 250 అంకెల సంఖ్య కూడా విడిపోయింది. ఇప్పుడు ఎక్కువగా వాడే తాళాల్లో 617 అంకెలు ఉంటాయి కాబట్టి మీరు భయపడనక్కర్లేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది జనగామ దగ్గర పల్లె. హన్మకొండలో ఎమ్మెస్సీ చదువుతున్నాం. ప్రాజెక్టు కోసం ముగ్గురం కలిసి 150 అంకెల సంఖ్యను నంబర్ ఫీల్డ్ సీవ్ అనే జల్లెడ పద్ధతితో విడగొడుతున్నాం. ల్యాబ్‌లో 14 కంప్యూటర్లు రాత్రిపూట వాడుకోనిచ్చారు. వెతుకులాట మొదలైన గంటలో దొరికిన బహుపదితోనే జల్లెడ మొదలుపెట్టాం. 12 రాత్రులు గడిచినా కావలసిన రిలేషన్లలో మూడో వంతే వచ్చాయి. 'మీ పాలీ (బహుపది) బాగాలేదు, మళ్లీ మొదలుపెట్టండి' అంటున్నాడు సీనియర్. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? అసలు మంచి బహుపదిని ఎట్లా గుర్తుపట్టాలి?
- విద్యార్థులు, హన్మకొండ

జవాబు: బాబూ, ముందు ఉన్న ఫైళ్లు చెరిపేయకండి. మిగతా పాఠకుల కోసం ఒక మాట: ఈ పద్ధతిలో ముందు ఒక బహుపదిని ఎంచుకుని, అందులో సంఖ్యలు పెడితే వచ్చే విలువల్లో చిన్న ప్రధానాంకాలుగా విడిపోయేవాటిని జల్లెడ పట్టి ఏరతాం. అట్లా ఏరినవే రిలేషన్లు. అవి తగినన్ని పోగైతేనే పెద్ద సంఖ్యను విడగొట్టగలం. ఒక బహుపదితో సంపాదించిన రిలేషన్లు ఇంకో బహుపదికి పనికిరావు. మారిస్తే 12 రాత్రుల పని పోయినట్టే.

లెక్క వేద్దాం. మొత్తం 36 రాత్రుల పని, ఇంకా 24 మిగిలాయి. కొత్తది వెతకడానికి రెండు రాత్రులు పోతే, దానితో మొత్తం జల్లెడ 22 రాత్రుల్లో ముగియాలి. అంటే వేగం ఇప్పటికంటే 1.6 రెట్లు దాటాలి. గంటలో దొరికింది గొప్పదై ఉండదు, నిజమే. కానీ అంత తేడా వస్తుందని నాకు ఆశ లేదు. 13 కంప్యూటర్లను జల్లెడలోనే ఉంచి, ఒక్కదాన్ని వెతుకులాటకు పెట్టండి. దొరికినదాన్ని పరీక్షించాకే నిర్ణయం తీసుకోండి.

ఇక మంచి బహుపది అంటే ఏమిటి? జల్లెడ పట్టేటప్పుడు మనకు కావలసింది చిన్న చిన్న ప్రధానాంకాలుగా పూర్తిగా విడిపోయే విలువలు. కాగితం తీసుకుని ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యను, పైన 41ని కలపండి. సున్నా నుంచి మొదలుపెడితే 41, 43, 47, 53, 61, 71... అన్నీ ప్రధాన సంఖ్యలే. 39 దాకా అంతే. ఆయిలర్ కాలం నుంచి గణితంలో దీనికి ఎంతో పేరుంది, మన పనికి మాత్రం ఇంతకంటే చెడ్డది లేదు. ఇప్పుడు ఒక సంఖ్య ఘనంలోంచి ఆ సంఖ్యను తీసేసి 30 కలపండి. రెండుకు 36, మూడుకు 54, నాలుగుకు 90, అయిదుకు 150, ఆరుకు 240, తొమ్మిదికి 750. ప్రతి విలువా ఆరుతో భాగించబడుతుంది. అయిదు వరుస సంఖ్యలు తీసుకుంటే మూడింటి విలువలకు అయిదు కూడా కారణాంకమే. ఈ గుణాన్ని కొలిచేదే మీ ప్రోగ్రాం చూపించే ఆల్ఫా. అది రుణాత్మకంగా ఎంత కిందికి పోతే అంత మంచిది.

రెండో గుణం సైజు. అయిదో పరిమాణపు బహుపదిని మామూలు పద్ధతిలో కడితే, 150 అంకెల సంఖ్యకు గుణకాలు 25 అంకెల దాకా వస్తాయి. విలువలు చిన్నవైతేనే సులువుగా విడిపోతాయి. అందుకే ముందున్న మూడు గుణకాలు చిన్నవిగా ఉండేలా వెతికే పద్ధతిని 2006లో క్లైన్‌జుంగ్ ఇచ్చారు. సైజునూ ఆల్ఫానూ కలిపి ఒకే మార్కుగా చూపేది మర్ఫీ స్కోరు, 1999లో బ్రయన్ మర్ఫీ పీహెచ్‌డీ పరిశోధనలోంచి వచ్చింది. ఒకే సంఖ్యకు, ఒకే ప్రోగ్రాంలో, ఒకే సెట్టింగుల మీద వచ్చిన మార్కులనే పోల్చండి.

అయితే మార్కు ఒక అంచనా మాత్రమే. చిన్నప్పుడు మా నాన్న వెంట ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లేదాన్ని. కొనేవాళ్లు మిర్చి బస్తా పైన చూసి ధర చెప్పేవాళ్లు కాదు. లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, కాయ విరిచి, తేమ చూసేవాళ్లు. మీరూ మార్కుల్లో ముందున్న నాలుగైదు బహుపదులను ఒకే కంప్యూటర్ మీద, జల్లెడ పట్టాల్సిన రేంజ్ మొదట్లో, మధ్యలో, చివర్లో కాసేపు నడపండి. సెకనుకు ఎన్ని రిలేషన్లు వస్తున్నాయో రాసుకోండి. నేను ఒకసారి ఈ పని చేయలేదు. మొదటి మార్కు వచ్చినదాన్నే తీసుకున్నాను. సగం దారిలో అనుమానం వచ్చి పరీక్షిస్తే, రెండో స్థానంలో ఉన్నదే వేగంగా నడిచింది. అప్పటికి మార్చే వీలు లేదు.

వెతుకులాటను పంచుకోవడం సులువు. మొదటి గుణకం రేంజ్‌ను ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తే చాలు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోనక్కర్లేదు. నేను పెన్‌డ్రైవ్‌తోనే పంచేదాన్ని. ఒక మే నెలలో ఏడో నంబర్ కంప్యూటర్‌కు, తొమ్మిదో నంబర్‌కు ఒకే రేంజ్ ఇచ్చాను. పొద్దున చూస్తే రెండింటిలోనూ అవే బహుపదులు, అవే మార్కులు. అప్పటి నుంచి ఎరుపు అట్ట రిజిస్టర్‌లో కంప్యూటర్ నంబర్, రేంజ్ మొదలు, చివర, తేదీ రాశాకే పెన్‌డ్రైవ్ ఇచ్చేదాన్ని. మీరూ రిజిస్టర్ పెట్టండి. జల్లెడకూ అది కావాలి.

ఎంతసేపు వెతకాలంటే, 2009లో విడిపోయిన 232 అంకెల సంఖ్యకు 80 ప్రాసెసర్ల మీద ఆరు నెలలు వెతికారు. అది జల్లెడ పనిలో 3 శాతం. మీ 36 రాత్రుల్లో 3 శాతమంటే ఒక రాత్రి, 14 కంప్యూటర్ల మీద. ఆ ఒక్క రాత్రి మొదట్లోనే పెట్టి ఉండాల్సింది. రెండు రాత్రులు పెట్టినా తప్పు లేదు. పది రాత్రులు వెతకడం మాత్రం వృథా, మెరుగు రాను రాను తగ్గిపోతుంది.

ఇంకో మాట. మీ సంఖ్య ఏమిటో ఉత్తరంలో రాయలేదు. అది రెండు ఘాతానికి ఒకటి కలిపితే వచ్చేలాంటి ప్రత్యేక రూపంలోంచి వచ్చిందా? 1990లో విడగొట్టిన తొమ్మిదో ఫెర్మా సంఖ్య, అంటే 2 ఘాతం 512 ప్లస్ 1, అట్లాంటిదే. దాన్ని 8తో గుణిస్తే 2 ఘాతం 103కు అయిదో ఘాతం, పైన 8 వస్తుంది. కాబట్టి బహుపదిలో గుణకాలు ఒకటి, ఎనిమిది, అంతే. వెతకాల్సిన పనే లేదు. మీదీ అట్లాంటిదైతే పైన నేను వేసిన లెక్క మొత్తం మారిపోతుంది, 12 రాత్రుల పని వదిలేసినా లాభమే కావచ్చు. మీ 150 అంకెలు ఇంకా పెద్ద సంఖ్యలో మిగిలిన ముక్క అయితే ఆ పెద్ద సంఖ్యకు ఎన్ని అంకెలున్నాయో కూడా చెప్పండి, కష్టం దాన్ని బట్టే ఉంటుంది. వచ్చే సంచిక దాకా ఆగకుండా వెంటనే ఉత్తరం రాయండి.