ఎంపీసీ చదివిన మా మేనల్లుడికి ఫిల్మ్ స్కూల్‌లో సీటు ఎలా వచ్చిందంటే

"మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. ఫిల్మ్ స్కూల్‌లో చేరతానంటున్నాడు. ఏం చదివి ఉండాలి, ఎంత శాతం రావాలి?" అని బెజవాడ నుంచి ఒక తండ్రి అడిగారు.

శాతాల గొడవ వదిలేయండి. పుణెలో ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్), కోల్‌కతాలో సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్, ఈ రెండూ కేంద్ర ప్రభుత్వానివి. వాటి మూడేళ్ల కోర్సులకు డిగ్రీ ఉండాలి. డైరెక్షన్‌కు, ఎడిటింగ్‌కు బీకాం అయినా బీటెక్ అయినా ఒకటే. ఆర్ట్ డైరెక్షన్‌కు మాత్రం ఫైన్ ఆర్ట్స్, ఆర్కిటెక్చర్ లాంటివి అడుగుతారు. రాతపరీక్ష, తర్వాత ఇంటర్వ్యూ. ఒక్కో శాఖలో సీట్లు పదీ పన్నెండు దరిదాపుల్లోనే. ఇంటర్‌తోనే చేర్చుకునే ప్రైవేటు కాలేజీలు హైదరాబాద్‌లో ఉన్నాయి, కానీ ఫీజు కనుక్కున్నాకే అబ్బాయికి చెప్పండి.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. మా అక్క కొడుకు బీఎస్సీ చివరి ఏడాదిలో ఉండగా సౌండ్ కోర్సు అన్నాడు. ఇంట్లో పెద్ద రభస. సౌండ్‌కు ఇంటర్ ఫిజిక్స్ పనికొస్తుందని తెలిశాక మా అక్క శాంతించింది. ఎంపీసీలో చేర్పించింది తనే కదా, ఆ గొప్ప ఇప్పటికీ చెప్పుకుంటుంది.

మార్చిలో, సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు, వాడు తెల్లారేసరికి యార్డుకు దిగాడు. చేతిలో చిన్న రికార్డర్, దాని మైకుకు గాలి కొట్టకుండా తొడిగిన పాత సాక్సు. బస్తాలు మోసే ముఠా కూలీలు నవ్వారు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించే చప్పుడు, కాటా దగ్గర కేకలు, లారీ రివర్స్ తీసేటప్పటి కూత, అన్నీ పట్టాడు. మధ్యాహ్నం మా కొట్లో కూర్చుని హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టి, "మావయ్యా, చప్పుళ్లు కాదు, దగ్గులు విను" అన్నాడు.

ఇన్నేళ్లుగా ఆ ఘాటులోనే బతుకుతున్నా నేనెప్పుడూ విన్లేదు. టిక్కీ వీపు మీద ఉన్నవాడు దగ్గితే పొట్టిగా, నోరు మూసుకునే దగ్గుతాడు, బరువు కదలకూడదు కదా. రైతు తీరిగ్గా, గొంతు సవరించుకుని మరీ దగ్గుతాడు. మొదటిసారి వచ్చినవాడికి తుమ్ములు ఆగవు. వాడు మళ్లీ మే నెలాఖరులో యార్డుకు సెలవులిచ్చాక వచ్చి, ఖాళీ షెడ్డులో కాపలావాడి దగ్గు కూడా రికార్డు చేసుకుపోయాడు. ముఠా లేదు, సరుకు లేదు, ఘాటు మాత్రం పోలేదు.

ఇంటర్వ్యూలో మీ ఊరు ఎలా వినిపిస్తుందని అడిగితే ఈ దగ్గుల సంగతే చెప్పాడట. చాలాసేపు దాని మీదే ప్రశ్నలు వేశారట. పుణెలో సీటొచ్చింది. దగ్గుల వల్లే వచ్చిందని నా లెక్క. రాతపరీక్షలో ఎన్నొచ్చాయో వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు.

అందుకే అంటున్నా, మీవాడిని కోచింగ్‌లో పడేయకండి. మన ఇంటర్ కాలేజీలు పిల్లల్ని తెల్లవారుజామున లేపి రాత్రి దాకా గదిలో కూర్చోబెట్టి, వాళ్లకు కళ్లూ చెవులూ ఉన్న సంగతే మరిచిపోయేలా చేశాయి. మళ్లీ సినిమాకూ అదే మందా? బీసెంట్ రోడ్డులో పండగ ముందు రోజు సాయంత్రం ఒక గంట నిలబడి, విన్నదీ చూసిందీ రెండు పేజీలు రాయమనండి. రాయలేకపోతే ఆ సరదా ఎంతో మీకే తెలిసిపోతుంది. రాస్తే మాత్రం అడ్డుపడకండి.

ఒక మంట ఉంది నాకు. ఆ పరీక్ష ఇంగ్లీషులో, లేకపోతే హిందీలో. ఏడాదికి ఇన్ని సినిమాలు తీసే తెలుగువాడు తన ఊరి గురించి తన భాషలో రాయడానికి లేదు. మావాడు తంటాలు పడి ఇంగ్లీషులో రాశాడు. మీవాడికి డిగ్రీ మూడేళ్లు చేతిలో ఉన్నాయి, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు సొంతంగా రాయడం ఇప్పుడే మొదలుపెట్టమనండి.

ఇంకోటి. మీరు బీసీలైతే రాష్ట్రం ఇచ్చే కుల ధ్రువపత్రం అక్కడ సరిపోదు, కేంద్ర సంస్థలకు ఇచ్చే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం వేరే ఉంటుంది. దానికోసం సచివాలయం చుట్టూ తిరగాల్సిన తిరుగుడు సామాన్యం కాదు. నోటిఫికేషన్ వచ్చాక చూద్దాంలే అనుకోకుండా ముందే అర్జీ పెట్టేయండి.