చిన్నీ, మ్యాప్ ఒక్కదానివే పట్టుకోకు

చిన్నీ,

డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డుకు, అదే పిల్లలు తమకిచ్చిన పనులన్నీ పూర్తిచేసి సంపాదించుకునే అవార్డుకు, పేరిచ్చావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "14 ఏళ్లు నిండాయో లేదో, మొదటి మెట్టు బ్రాంజ్‌లో చేరిపోయిందక్కా" అని ఒకటే మురిసిపోయింది. నేనూ మురిశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

సేవ, ఏదో ఒక స్కిల్, ఆటలు లేదా వ్యాయామం. వీటికి వారానికి గంట చొప్పున కనీసం మూడు నెలలు, ఒకదానికి మాత్రం ఆరు నెలలు. ఏ వారం చేసింది ఆ వారమే రాసుకో. ఎవరితోనూ పోటీ లేదు కాబట్టి పక్కవాళ్ల లెక్కలు నీకెందుకు? నా బెంగంతా వీటితోపాటు జట్టుగా మ్యాప్ చూసుకుంటూ, టెంట్ వేసుకుంటూ చేయాల్సిన ఆ రెండు పగళ్లు, ఒక రాత్రి ప్రయాణం గురించే.

ఈ అవార్డు 1956లో బ్రిటన్‌లో మొదలైనప్పుడు మగపిల్లలకే. ఆడపిల్లల వంతు 1958లో గానీ రాలేదు. నేను చేరేనాటికి అదంతా పాత సంగతే అయినా, ఆడపిల్లకి దారి తెలీదని ఎవరూ అనకూడదని నా పంతం. మా జట్టులో అయిదుగురం. మ్యాపూ, దిక్సూచీ రెండూ నేనే లాక్కున్నాను. ఎవరైనా చెయ్యి చాపితే "నాకు తెలుసులే" అనేదాన్ని. ప్రాక్టీసు ప్రయాణంలో ఒక్కసారీ దారి తప్పలేదు మరి, అది తలకెక్కింది.

అసలు ప్రయాణంలో, రెండు వాగులు కలిసేచోట అందర్నీ ఎడమకి తిప్పాను. కుడివైపు ఉండాల్సిన వాగు చప్పుడు కాసేపటికి ఎడమవైపు నుంచి వస్తోంది. విన్నాను. విననట్టే నడిచాను. దిక్సూచి తీస్తే తప్పు బయటపడుతుందని జేబులోంచి తీయనేలేదు! చీకటి పడింది. టెంట్ వేద్దామంటే చదునైన నేల లేదు. అప్పుడు, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఒకతి మెల్లగా అంది: "మలుపు దగ్గరే అనుమానం వచ్చింది. చెబితే కసురుతావని ఊరుకున్నా."

సూపర్‌వైజరు టార్చి వేసుకుని వెతుక్కుంటూ వచ్చేసరికి రాత్రి పదయింది. ఒక్క మాట అనలేదాయన. అంటే బాగుండేది. ఆ ప్రయాణం లెక్కలోకి రాలేదు, మళ్లీ చేశాం. ఈసారి మ్యాప్ ఆ పిల్ల పట్టుకుంది. గంటకోసారి అందర్నీ ఆపి, "మనం ఇక్కడే ఉన్నామా?" అని వేలు పెట్టి అడిగేది. నాకు చిరాకేసింది, అబద్ధమెందుకు.

లీడర్‌గా నువ్వే చెయ్యెత్తావట. సరే. నీ ఎత్తు తప్పన్నందుకు తమ్ముడి మీద చదరంగం బోర్డు తిరగేసిందెవరు? మర్చిపోయాననుకోకు.

టార్చిలో కొత్త బ్యాటరీలు వేసుకో, ఇంకో జత విడిగా పెట్టుకో. విజిల్ మెడలోనే ఉండాలి. చీకటి పడటానికి రెండు గంటల ముందే టెంట్ వేసేయండి. బ్యాటరీల గురించి బయల్దేరే రోజు ఫోన్ చేసి మళ్లీ అడుగుతాను, విసుక్కోకు.

రాత్రి భయమేస్తే పక్కనున్నవాళ్లకి చెప్పు తల్లీ. ఆ రాత్రి నేను నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాను. ఈ సంగతి మీ అమ్మకి కూడా తెలీదు.

నా దిక్సూచి పంపుతున్నాను. జేబులో పెట్టుకోకు, మెడకి తగిలించుకో.

మీ పెద్దమ్మ