పెళ్లి మర్నాటి సంగతి రాయి

తమ్ముడూ,

దేశదేశాల పెళ్లి ఆచారాల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది, ఆపకుండా చదివించింది. కానీ దక్షిణ సూడాన్‌లో పశువుల్ని పెంచుకునే నూయర్ తెగ దగ్గరికొచ్చేసరికి "అక్కడ ఆడది ఆడదాన్నే పెళ్లాడుతుందట!" అని ఒక ఆశ్చర్యార్థకం పడేసి టిబెట్‌కి ఎగిరిపోయావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. ఎందుకు పెళ్లాడుతుందో చెప్పకపోతే ఇంక నువ్వు రాసిందేమిటి?

నూయర్లకి పెళ్లంటే పశువులు చేతులు మారడం. మగపెళ్లివారు ఇచ్చిన ఆవుల్ని అమ్మాయి బంధువులు వాటాలేసుకుంటారు. పిల్లలు పుట్టని స్త్రీని మగవాడి కింద జమకట్టి ఆమెకూ వాటా ఇస్తారు. ఆ ఆవులిచ్చి ఆమె ఒక అమ్మాయిని భార్యగా తెచ్చుకుంటుంది, పిల్లల కోసం ఒక మగాణ్ణి చూస్తుంది, పుట్టినవాళ్లు ఈమెనే నాన్న అంటారు. రేపు కూతురి పెళ్లిలో తండ్రి వాటా ఆవులు ఆమెవే. 1930ల్లో ఇవాన్స్ ప్రిచార్డ్ అనే మానవశాస్త్రవేత్త వాళ్ల మధ్య ఉండి రాసుకొచ్చిన సంగతులివి. ఇంకోటి విను. వారసుడు లేకుండా అన్న పోతే, తమ్ముడు ఆ పోయినవాడి పేరు మీద పెళ్లి చేసుకుంటాడు, పుట్టినవాళ్లు అన్న పిల్లలే. తీరా తమ్ముడు తన పేరున పెళ్లి కాకుండానే పోతే, అతని కోసం ఇంకొకడు చేసుకోవాలి! ఇంత కథని ఒక్క వాక్యంలో తేల్చేశావు.

నేను మొదట్నించీ మొత్తుకునేది ఒకటే. పెళ్లి రోజు వదిలెయ్, మర్నాడు ఏం జరుగుతుందో రాయి. ఎవరు ఎవరింటికి వెళ్లారు, బిడ్డ ఎవరి లెక్కలోకి వచ్చింది, భూమి ఎవరికి పోయింది. బట్టలు, బాజాలు, దండలు ఎవరైనా రాస్తారు.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో చైనాలో లుగు సరస్సు దగ్గరుండే మోసువో అనే తెగ గురించి ఒక వారపత్రికకి పంపాను. అక్కడ మగవాడు రాత్రి తను ఇష్టపడ్డ ఆడమనిషి ఇంటికి వెళ్లి తెల్లారేసరికి తన తల్లి ఇంటికి వచ్చేస్తాడు, పిల్లల్ని అమ్మ వైపు వాళ్లు, ముఖ్యంగా మేనమామలు పెంచుతారు. ఎడిటర్ గారు మేనమామల్ని మొత్తం కోసేసి, రాత్రిని మాత్రం ఉంచి, పైన నవ్వుతున్న అమ్మాయిల ఫోటో వేశారు. పారితోషికం ఎగ్గొట్టారనుకో, అది వేరే సంగతి. ఇప్పుడు ఫోన్లలో తిరిగే 'వింత పెళ్లిళ్ల' వీడియోలన్నీ ఆయన సంతానమే.

టిబెట్ అన్నదమ్ముల ఉమ్మడి భార్య గురించి నువ్వు రాసింది కూడా ఆ బాపతే, పడగ్గదిలోకి తొంగిచూడటం. పంట పండే నేల అక్కడ తక్కువ. అన్నదమ్ములు వేరువేరుగా పెళ్లిళ్లు చేసుకుంటే తరానికోసారి పొలం ముక్కలవుతుంది. కలిసి ఉంటే ఒకడు పొలం చూస్తాడు, ఒకడు పశువుల వెంట వెళ్తాడు, ఒకడు వ్యాపారానికి పోతాడు. పడగ్గది కంటే పొలం గట్టు దగ్గర నిలబడి రాస్తే సగం చిక్కు విడిపోతుంది.



ఫ్రాన్స్‌ని ఎందుకు వదిలేశావు? 1959లో మాల్పాసె ఆనకట్ట తెగి వందల మంది పోయాక, చనిపోయినవాళ్లని పెళ్లాడటానికి అక్కడ చట్టమే చేశారు. దేశాధ్యక్షుడి అనుమతి కావాలి. అయితే ఆ పెళ్లితో చనిపోయినవాళ్ల ఆస్తికి వారసత్వం రాదు. నూయర్లు చచ్చినవాడికి పెళ్లి చేసేదే వారసుడి కోసం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి వ్యాసం అక్కడే మొదలుపెట్టు, ఇప్పుడున్న ఉపోద్ఘాతం కొట్టెయ్. తిరగరాసి పంపు, చూస్తాను.

ఉంటాను.